నొక్కితే విచ్చుకునే జ్ఞాన వృక్షం: అంచెల పటాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఏదైనా విషయాన్ని కొమ్మలుగా, రెమ్మలుగా విడదీసి, తెర మీద నొక్కితే విచ్చుకునే పటంగా చూపించాలనుకునేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలివి. చాలాకాలంగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి కొన్నిచోట్ల సమాధానంతో పాటు నా అభిప్రాయమూ కలిసిపోతుంది. ఉదాహరణ కావలసిన చోటల్లా సంగీత వాద్యాల వర్గీకరణనే పట్టుకున్నాను. అందరికీ కాస్తో కూస్తో తెలిసినదే, చిక్కులూ సరిపడా ఉన్నాయి.

మామూలు విషయసూచిక ఉండగా పటం ఎందుకు?

విషయసూచిక ఉన్నది మొదటి నుంచి చివరిదాకా చదువుకుపోవడానికి. పటం పని వేరు. దాన్ని తెరిచిన మనిషికి తాను ఎక్కడున్నదీ, పక్కన ఏమున్నదీ తెలియాలి. ఇంకా చూడనిది ఎంత మిగిలిందో అంచనా కూడా అందాలి. ఈ ఆఖరి సంగతినే ఎక్కువమంది మరిచిపోతారు. ఫోల్డర్ల జాబితాలో ఒక కూడిక గుర్తు కనిపిస్తుంది. దాని వెనక మూడు అంశాలున్నాయో మూడు వేలున్నాయో నొక్కేదాకా తెలియదు. ఆ గుర్తు పక్కన చిన్న అంకె వేస్తే చాలు, జాబితా సగం పటమైపోయినట్టే.

పేరు తెలిసిన దాన్ని వెతకడానికి పటం అక్కర్లేదు. పేరు తెలియనిది, అసలు ఉందని కూడా తెలియనిది కంటబడటానికే పటం.

ఇది కంప్యూటర్లతో వచ్చిన ఆలోచనేనా?

కదలడం కంప్యూటర్లతో వచ్చింది, గీయడం మాత్రం చాలా పాతది. 3వ శతాబ్దంలో పోర్ఫిరీ అనే తత్త్వవేత్త అరిస్టాటిల్ తర్కానికి పరిచయం రాస్తూ ద్రవ్యం నుంచి శరీరం, జీవి, జంతువు మీదుగా మనిషి దాకా మెట్టు మెట్టుగా దిగాడు. తరువాతి కాలం లేఖకులు దాన్ని బొమ్మగా వేశారు. 'పోర్ఫిరీ చెట్టు' అన్న పేరు అలా స్థిరపడింది. 1295–96లో రామోన్ లుల్ అప్పటికి తెలిసిన జ్ఞానాన్నంతా 16 చెట్లుగా అమర్చాడు. డార్విన్ 1859 నాటి గ్రంథంలో ఉన్నది ఒకే ఒక్క బొమ్మ, అదీ కొమ్మలు చీలుతూ పోయే పటమే.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చేది 1751లో వెలువడిన ఫ్రెంచి విశ్వకోశం మొదటి సంపుటి. అందులో మనిషి జ్ఞానమంతా జ్ఞాపకం, వివేచన, ఊహ అనే మూడు కొమ్మలుగా చీలుతుంది. పీఠిక రాసిన డాలంబేర్ ఈ చెట్టును ప్రపంచ పటంతోనూ, విడివిడి వ్యాసాలను ఒక్కో దేశపు పటంతోనూ పోల్చాడు. అక్కడితో ఆగలేదు. భూగోళాన్ని ఎన్ని కోణాల నుంచి పటం గీయవచ్చో జ్ఞానాన్నీ అన్ని రకాల చెట్లుగా గీయవచ్చు అన్నాడు. ఈ పని మొదలుపెట్టే ప్రతివారికీ నేను ముందు చెప్పేది ఈ ముక్కే. మీరు గీసేది ఉన్న చెట్టు కాదు, మీరు ఎంచుకున్న చెట్టు.

మైండ్ మ్యాప్, కాన్సెప్ట్ మ్యాప్, ఇదీ ఒకటేనా?

కాదు. మైండ్ మ్యాప్ ఒక మనిషి తన ఆలోచనను తాను కాగితం మీద పెట్టుకునేది. మధ్యలో ఒక మాట, చుట్టూ కొమ్మలు. మరొకరికి అర్థం కాకపోయినా తప్పులేదు. కాన్సెప్ట్ మ్యాప్ 1970లలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్ బృందం తయారుచేసింది. అందులో గీతల మీద కూడా మాటలుంటాయి, 'దీనివల్ల కలుగుతుంది', 'దీనికి అవసరం' అన్నట్టు. ఇక్కడ మనం మాట్లాడుకునే అంచెల పటంలో గీతకు ఒకటే అర్థం: పైదానిలో కిందిది ఒక రకం, లేదా ఒక భాగం. ఆ రెంటిలో ఏదో ఒక్కటే. 'వయొలిన్ ఒక తంత్రీ వాద్యం' అన్న గీత పక్కనే 'వయొలిన్‌లో మెడ ఒక భాగం' అన్న గీతను అదే రంగులో, అదే మందంలో వేస్తే ఆదిలోనే హంసపాదు.

నా దగ్గరున్న సమాచారం నిజంగా చెట్టేనా?

బహుశా కాదు. అందరూ తమది చెట్టే అనుకుని వస్తారు.

వాద్యాలనే చూడండి. తత, అవనద్ధ, ఘన, సుషిర అని నాట్యశాస్త్రం నాలుగుగా విడదీసింది. తీగ మోగేవి, చర్మం మోగేవి, ఒళ్లే మోగేవి, గాలి మోగేవి. 1914లో హార్న్‌బోస్టెల్, జాక్స్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన వర్గీకరణలో కూడా ఇవే నాలుగు పెద్ద తరగతులు, అంకెల వరుసలో. విద్యుత్ వాద్యాలు అయిదో తరగతిగా తరువాత చేరాయి. ఏది కంపిస్తోందన్నదొక్కటే ప్రశ్న కాబట్టి చెట్టు చక్కగా నిలబడుతుంది.

ఇప్పుడు ఈ చెట్టు ముందు ఒక సంగీత విద్యార్థిని కూర్చోబెట్టి 'మీటలు నొక్కి వాయించే వాద్యాలు చూపించు' అనండి. పియానోలో మోగేది తీగ, కాబట్టి అది తంత్రీ వాద్యం. పైప్ ఆర్గన్‌లో మోగేది గాలి, అది సుషిరం. సెలెస్టాలో మీట నొక్కితే సుత్తి వెళ్లి లోహపు పలకను కొడుతుంది, అది ఘనం. వాయించేవాడి వేళ్లకు మూడూ ఒకే కుటుంబం, చెట్టులో మాత్రం మూడు వేర్వేరు కొమ్మల చివర్లు. ఇందులో తప్పెవరిదీ కాదు. విద్యార్థి అడిగిన ప్రశ్న వేరు, చెట్టు జవాబు చెప్పే ప్రశ్న వేరు.

కాబట్టి గీయడానికి ముందు ఒక కాగితం మీద 'ఈ పటం ఏ ప్రశ్నకు జవాబు?' అని ఒక్క వాక్యం రాసుకోండి. ఆ వాక్యంలో 'మరియు' వచ్చిందంటే మీకు రెండు చెట్లు కావాలన్నమాట.

ఒకే అంశం రెండు కొమ్మల కిందికి వస్తే ఏం చేయాలి?

మూడు దారులున్నాయి. మూడిట్లోనూ ఏదో ఒకటి వదులుకోవాలి.

అంశాన్ని రెండుచోట్లా పెట్టేయడం ఒకటి. వైద్య సాహిత్యానికి వాడే మెష్ పదావళిలో 'కన్ను' శరీర భాగాల్లో ముఖం కింద ఒకసారి, జ్ఞానేంద్రియాల కింద మరోసారి వస్తుంది. రెండుచోట్లా అంశం ఒకటే, దానికి ఉండే చెట్టు సంఖ్యలు రెండు. వెతికేవాడు ఎటునుంచి వచ్చినా దొరుకుతుంది. కాకపోతే లెక్కల్లో జాగ్రత్త: కొమ్మల అంకెలన్నీ కూడితే మొత్తం కంటే ఎక్కువ వస్తుంది, చూసినవాడికి అనుమానం వస్తుంది. పైగా ఒకచోట కన్నును నొక్కితే రెండోచోట ఉన్న కన్ను కూడా వెలగాలి. లేకపోతే రెండూ వేరనుకుంటారు.

రెండో దారిలో ఒకచోట సొంతిల్లు, మిగతాచోట్ల 'అక్కడ చూడండి' అనే చుక్కల గీత. చిన్న పటాలకు నేను దీన్నే ఇష్టపడతాను. చుక్కల గీతలన్నీ ఎప్పుడూ కనిపించనక్కర్లేదు. ఆ అంశం మీద వేలు పెట్టినప్పుడు కనిపిస్తే సరిపోతుంది.

మూడోది చెట్టునే వదిలేయడం. గ్రంథాలయ శాస్త్రంలో ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణ వెళ్లింది ఈ దారినే. పుస్తకాన్ని ముందే గీసిపెట్టిన గదిలో ఇరికించకుండా, దాని ముఖాలను విడివిడిగా గుర్తించి సంఖ్యను కూర్చారు. వాద్యాలకు చెప్పాలంటే కంపించేది ఒక ముఖం, వాయించే తీరు ఒక ముఖం, చేసిన పదార్థం ఇంకో ముఖం. చూసేవాడు ఏ ముఖాన్ని పైన పెడితే పటం ఆ ప్రకారం తిరిగి పేర్చుకుంటుంది. దీనికి పని ఎక్కువ పడుతుంది. ప్రతి అంశానికీ ప్రతి ముఖం విలువ నింపాలి, సగం నింపిన పట్టికతో ఇది నడవదు.

ఇంకొకటుంది, అది ప్రమాదం. కొన్ని సమాచారాల్లో కొమ్మ తిరిగి తన తాతనే పిల్లగా చూపిస్తుంది. ఎవరైనా వచ్చి వర్గాలు చేర్చగల చోట్ల, ఉదాహరణకు వికీపీడియా వర్గాల్లో, ఇలాంటి చక్రాలు ఏర్పడుతుంటాయి. నొక్కుతూ పోతే పటం ఎప్పటికీ తెరుచుకుంటూనే ఉంటుంది. గీయబోయే ముందే చక్రాలున్నాయేమో వెతికి తెంపాలి.

ఎన్ని రూపాలున్నాయి? ఏది ఎంచుకోవాలి?

పక్కకు జరుపుకుంటూ రాసే జాబితా అన్నిటికంటే పాతది, అన్నిటికంటే తక్కువగా అంచనా వేయబడేది. పేర్లు పొడవుగా ఉన్నప్పుడు దాన్ని మించింది లేదు.

గీతలతో కలిపిన చెట్టు అందరికీ తెలిసిన రూపం. దాన్ని చక్కగా సర్దే పద్ధతిని రీన్‌గోల్డ్, టిల్‌ఫోర్డ్ 1981లో ఇచ్చారు. ఒకే అంచెవన్నీ ఒకే వరుసలో ఉండాలి, తల్లి తన పిల్లల నడిమధ్యన ఉండాలి, ఒకేలాంటి కొమ్మ ఎక్కడొచ్చినా ఒకేలా కనిపించాలి. నేటికీ చాలా పరికరాల అడుగున నడిచేది ఇదే. వేరు పైన, ఆకులు కింద అని గీయడం అలవాటు కానీ, వేరును ఎడమన పెట్టి కుడివైపుకు పెంచండి. మన అక్షరాలు అడ్డంగా సాగుతాయి కాబట్టి పేర్లు ఒకదాన్నొకటి తొక్కుకోవు.

పరిమాణం కూడా చూపించాలంటే డబ్బాలో డబ్బా పెట్టే ట్రీమ్యాప్. దాని కథ కింద చెబుతాను. అంచెలు ముఖ్యమై, పరిమాణం కొంత తెలిస్తే చాలనుకుంటే ఐసికిల్ పటం: ప్రతి అంచె ఒక పట్టీ, పిల్లల పట్టీలు తల్లి పట్టీ కిందే వేలాడుతాయి. దీన్నే గుండ్రంగా వంచితే సన్‌బర్స్ట్. వృత్తంలో వృత్తాలు పెట్టే పద్ధతి కూడా ఉంది. చాలా చోటు వృథా అయినా, ఏది దేనిలో ఉందో పిల్లలకు కూడా తెలిసిపోతుంది.

సన్‌బర్స్ట్ అందంగా ఉంటుంది కదా, అదే వాడేయొచ్చా?

అందంగా ఉంటుంది, నిజమే. తల ఎంత వంచితే పేర్లు చదవగలరో మీరే ఒకసారి చూడండి. క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు పరిశోధకులు 1984–85లో ఇచ్చిన వరుస ప్రకారం, మన కన్ను ఒకే గీటుబద్ద మీది స్థానాలను బాగా పోల్చగలదు, పొడవులను కాస్త తక్కువగా, కోణాలను ఇంకా తక్కువగా. విస్తీర్ణం వాటికన్నా వెనకబడింది. సన్‌బర్స్ట్‌లో చూసేవాడు కోణాన్నే పోల్చాలి. అదే సమాచారాన్ని ఐసికిల్‌లో పెడితే పోల్చేది పొడవును. అందం తప్ప వేరే కారణం లేకపోతే నేను ఐసికిల్ వైపే మొగ్గుతాను.

వృత్తాలు వాడేవారికి ఒక హెచ్చరిక. విలువ రెట్టింపైతే వ్యాసాన్ని రెట్టింపు చేయకండి, విస్తీర్ణం నాలుగింతలవుతుంది. ఈ పొరపాటు వారానికొకటైనా కనబడుతుంది.

ట్రీమ్యాప్ ఎలా పుట్టింది?

డిస్కు నిండిపోయి పుట్టింది. 1990లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్ ప్రయోగశాలలో 14 మంది కలిసి వాడుకునే 80 మెగాబైట్ల డిస్కు ఒకటుండేది. అది మాటిమాటికీ నిండిపోయేది. ఎవరి ఫైళ్లు చోటు తింటున్నాయో చెట్టు గీసి చూద్దామంటే చెట్టు తెర దాటిపోయేది. అప్పుడాయనకు తట్టింది: తెర మొత్తాన్నీ డిస్కు అనుకుని నిలువుగా ముక్కలు కోసి, ఒక్కో ముక్కను అడ్డంగా, దాన్ని మళ్లీ నిలువుగా కోసుకుంటూ పోవడం. ఫైలు ఎంత పెద్దదో డబ్బా అంత పెద్దది. ఇప్పటికీ డిస్కు ఖాళీ చేసుకునే పరికరాల్లో కనబడే రంగురంగుల డబ్బాల మూలం ఇదే.

తొలి పద్ధతిలో డబ్బాలు గడ్డిపోచల్లా సన్నగా వచ్చేవి. 2000లో నెదర్లాండ్స్ పరిశోధకులు వీలైనంత చతురస్రంగా కోసే పద్ధతి ఇచ్చారు. పోచలు పోయాయి, కొత్త చిక్కు వచ్చింది. సమాచారం కొద్దిగా మారితే చాలు, డబ్బాలన్నీ చెల్లాచెదురవుతాయి.

ఆ చిక్కు నాకు అనుభవమే. ఒక సంస్థకు వాళ్ల పత్రాల నిల్వను ట్రీమ్యాప్‌గా వేసిచ్చాను. రోజూ రాత్రి సమాచారం కొత్తదవుతుంది, పొద్దున పటం కొత్తగా పేర్చుకుంటుంది. నాలుగో రోజు అక్కడ పనిచేసే ఒకావిడ నుంచి ఫోను: 'నిన్న ఎడమవైపు కిందున్న విభాగం ఇవాళ పోయింది, ఎవరు తీసేశారు?' ఎవరూ తీయలేదు. అది కుడివైపు పైకి వెళ్లింది, అంతే. ఆమెకు ఆ విభాగం పేరుతో కాదు, చోటుతో గుర్తు. మనం ఇంట్లో తాళాలు పెట్టిన చోటును గుర్తుపెట్టుకున్నట్టే. ఆ రోజు నుంచి పెద్ద కొమ్మల వరుసను నేను మారనివ్వను. లోపలి డబ్బాలు కొంచెం వికారంగా వచ్చినా సరే.

చెట్టు తెర మీద పట్టడం లేదు. ఏం చేయాలి?

పట్టదు. లెక్క వేసి చూడండి. ప్రతి కొమ్మకూ అయిదు పిల్లలనుకుంటే ఆరో అంచెలో 15,625 ఆకులు. ఒక్కో పేరుకు 20 పిక్సెళ్ల ఎత్తు ఇస్తే 3,12,500 పిక్సెళ్లు, అంటే 1080 పిక్సెళ్ల ఎత్తున్న తెరలు దాదాపు 290 నిలువునా పేర్చాలి. కొండవీటి చాంతాడు. గుండ్రంగా పేర్చినా ఒడ్డున పడం. వ్యాసార్థం రెట్టింపు చేస్తే వృత్తం చుట్టుకొలత రెట్టింపే అవుతుంది. చెట్టేమో అంచె దిగిన ప్రతిసారీ అయిదింతలవుతోంది. కాగితం పెరిగే తీరు, చెట్టు పెరిగే తీరు పొసగవు.

అయితే కాగితాన్నే మారిస్తే? అతిపరావలయ జ్యామితిలో వృత్తం చుట్టుకొలత వ్యాసార్థంతో పాటు ఘాతాల్లో పెరుగుతుంది, అచ్చం చెట్టులాగే. 1995లో జెరాక్స్ సంస్థ పరిశోధనా కేంద్రమైన పార్క్ (PARC)లో లాంపింగ్, రావు, పిరోలీ చెట్టును ఆ తలం మీద పరిచి, డచ్చి చిత్రకారుడు ఎషర్ వేసిన చెక్క అచ్చుబొమ్మల్లో చేపలు అంచుకు వెళ్లేకొద్దీ చిన్నవైనట్టు, దాన్ని ఒక వృత్తంలోకి దించారు. మధ్యలో ఉన్నది పెద్దగా, దూరంగా ఉన్నది అంచున నలుసులా కనిపిస్తుంది. ఏ నలుసునైనా లాగి మధ్యకు తెచ్చుకోవచ్చు. చూడముచ్చటైన పని. కానీ లాగిన ప్రతిసారీ అంతా గిర్రున తిరుగుతుంది కాబట్టి 'పైన ఎడమవైపు' అన్న గుర్తుకు అర్థం ఉండదు. పైన చెప్పిన ఫోనులాంటిది మళ్లీ వస్తుంది.

నిత్యం పనికొచ్చే మార్గం అంతకంటే సాదా: అవసరం లేనివి ముడుచుకోవాలి. ఏది అవసరమో తేల్చడానికి 1986లో జార్జ్ ఫర్నాస్ ఒక చిన్న లెక్క ఇచ్చాడు. ప్రతి అంశానికీ వేరు నుంచి ఎంత లోతో, ఇప్పుడు చూస్తున్నదాని నుంచి ఎన్ని అడుగుల దూరమో కూడండి. మొత్తం తక్కువైనవి చూపండి, ఎక్కువైనవి దాచండి. మన చెట్టులో వాద్యాలు, వాటి కింద తంత్రీ, దాని కింద మెడ ఉన్నవి, దాని కింద వయొలిన్. మీరు వయొలిన్ మీదున్నారు. వయొలిన్‌కు లోతు 3, దూరం 0, మొత్తం 3. 'మెడ ఉన్నవి'కి 2, 1, మొత్తం 3. వేరు దాకా ఆ దారిలోని ప్రతిదానికీ 3 వస్తుంది. వయొలిన్ పక్కనున్న గిటార్‌కు లోతు 3, దూరం 2, మొత్తం 5. పై అంచెలోని సుషిరానికి లోతు 1, దూరం 4, మళ్లీ 5. సుషిరం కింద ఉన్న వేణువుల కొమ్మకు 2, 5, మొత్తం 7. హద్దు 5 దగ్గర గీస్తే మీరొచ్చిన దారి, దారి పొడవునా ఇరుపక్కల తోబుట్టువులు కనిపిస్తాయి, మిగతాది ముడుచుకుంటుంది. నాలుగు కూడికలతో ఇంత పని చేసే లెక్క నేను మరొకటి చూడలేదు.

పటం తెరవగానే ఎంత కనిపించాలి?

వేరు, దాని పిల్లలు, వీలైతే మనవలు. 1996లో ష్నైడర్‌మన్ చెప్పిన వరుస ఇప్పటికీ ఉపయోగపడుతుంది: ముందు మొత్తం చూపించు, తరువాత దగ్గరికి తీసుకెళ్లి వడపోయి, వివరం అడిగితే ఇవ్వు. వేరు ఒక్కదాన్నే చూపించి 'నొక్కండి' అంటే చాలామంది నొక్కకుండానే వెళ్లిపోతారు.

నొక్కినప్పుడు ఏం జరగాలి?

నొక్కింది వేలి కిందనే ఉండాలి. కొత్త పిల్లలు తల్లి దగ్గర నుంచే బయటికి రావాలి, ఎక్కడి నుంచో ఊడిపడకూడదు. కదలిక అర సెకను లోపు ముగియాలి. ఇంతకు మించి ఆడంబరం చేస్తే మూడోసారి నొక్కేటప్పటికి విసుగొస్తుంది. వెనక్కి బటన్ పనిచేయాలి. ఏ కొమ్మ తెరిచి ఉందో చిరునామాలోనే నమోదు కావాలి, అప్పుడే మీరు చూస్తున్న చోటును మరొకరికి పంపగలరు.

జూమ్ చేస్తే అన్నీ పెద్దవైతే చాలదా?

చాలదు. దూరం నుంచి దేశం పేరు, దగ్గరికొస్తే ఊరి పేరు, ఇంకా దగ్గరికొస్తే వీధి పేరు కనిపించే పటాలను మనం రోజూ వాడుతున్నాం. జ్ఞాన పటంలోనూ దగ్గరికి వెళ్లేకొద్దీ కొత్త సంగతులు బయటపడాలి, ఉన్న అక్షరాలే లావెక్కితే ఉపయోగం లేదు. వన్‌జూమ్ అనే జీవవృక్షం 20 లక్షలకు పైగా జాతులను ఇలాగే చూపిస్తుంది. ఒక కొమ్మలోకి దూసుకుపోతే దాని ఉపకొమ్మలు, వాటిలోకి పోతే మళ్లీ కొమ్మలు, చివరికి ఒక్క జాతి ఒక్క ఆకుగా.

రంగులు ఎలా వేయాలి?

మొదటి అంచె కొమ్మలకు ఒక్కో రంగు, వాటి సంతానానికి అదే రంగు ఛాయలు. ఏడెనిమిదికి మించితే కన్ను తికమకపడుతుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా మీదే పటాన్ని నిలబెట్టకండి. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవారిలో సుమారు 8 శాతానికి ఆ తేడా సరిగా తెలియదు.

తెలుగు పేర్లు పెడితే అక్షరాలు తెగుతున్నాయి. ఎందుకు?

రెండు కారణాలు. ఒకటి ఎత్తు. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేలా చేసిన డబ్బాలో మన ఒత్తులు కిందికి, గుడులు పైకి పొడుచుకొస్తాయి. వరుస ఎత్తు అక్షరం కొలతకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉంచండి. రెండోది మరీ చిరాకైనది: చోటు చాలనప్పుడు పేరును మధ్యలో కోసి మూడు చుక్కలు పెట్టడం. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్ లోపల అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. నాలుగో దాని దగ్గర కోస్తే 'స్త్' మిగులుతుంది. సంకేతాలను లెక్కపెట్టి కాకుండా అక్షరాల హద్దు చూసి కోయాలి. బ్రౌజర్లలో ఇప్పుడు అందుకు సెగ్మెంటర్ అనే సదుపాయం ఉంది. పాత వెర్షన్లు ఈ ఒక్క అక్షరాన్నే మూడు ముక్కలుగా చూస్తాయి, పరీక్షించుకోండి. నేనైతే అసలు కోయను, రెండు వరుసల్లోకి మడుస్తాను.

సమాచారాన్ని ఎలా దాచుకోవాలి?

మూడు నిలువు వరుసల పట్టిక చాలు: అంశం సంఖ్య, తల్లి సంఖ్య, పేరు.

1, ఖాళీ, వాద్యాలు
2, 1, తంత్రీ
3, 1, సుషిరం
4, 2, మెడ ఉన్నవి
5, 4, వయొలిన్

తల్లి గడి ఖాళీగా ఉన్న వరుస ఒక్కటే ఉండాలి. తల్లిగా చెప్పిన ప్రతి సంఖ్యా ఆ పట్టికలోనే దొరకాలి. సంఖ్యలోనే చోటును ఇరికించాలన్న కోరిక పుడుతుంది, 1.2.4.5 అన్నట్టు. లొంగకండి. రేపు ఆ కొమ్మను ఇంకోచోటికి మారిస్తే దాని సంతానం సంఖ్యలన్నీ మారతాయి, బయటివాళ్లు దాచుకున్న లంకెలన్నీ తెగుతాయి. సంఖ్యకు అర్థం ఉండకూడదు, ఎప్పటికీ మారకుండా ఉంటే చాలు.

ఏ పరికరాలు వాడాలి?

కోడ్ రాయగలిగితే డీ3. 2011లో స్టాన్‌ఫర్డ్‌లో మైక్ బోస్టాక్, వడీమ్ ఒగియెవెట్‌స్కీ, జెఫ్రీ హీర్ తెచ్చిన ఈ కోడ్ లైబ్రరీలో పైన చెప్పిన రూపాలు చాలావరకు ఉన్నాయి. పై పట్టికను నేరుగా చెట్టుగా మార్చే ఫంక్షన్ కూడా ఉంది. కోడ్ వద్దనుకుంటే మార్క్‌మ్యాప్ చూడండి, మార్క్‌డౌన్ అనే సాదా గుర్తుల పద్ధతిలో శీర్షికలు ఉపశీర్షికలతో రాసిన పాఠాన్ని అది విచ్చుకునే చెట్టుగా మారుస్తుంది. బ్రౌజర్‌లో బొమ్మలు గీసే పద్ధతులు మూడున్నాయి: కొన్ని వేల బొమ్మల దాకా ఎస్‌వీజీ నడుస్తుంది. పదివేలలోకి వెళ్తే కాన్వాస్‌కు, లక్షల్లోకి వెళ్తే వెబ్‌జీఎల్‌కు మారాలి. ఏది వాడినా తెర మీద కనిపించనిదాన్ని గీయకపోవడమే పెద్ద పొదుపు.

చూపు లేనివారు, మౌస్ వాడలేనివారు ఎలా చూస్తారు?

అదే చెట్టును లోపల జాబితాగా కూడా ఉంచాలి. తెర చదివే సాఫ్ట్‌వేర్‌కు ఇది చెట్టు అనీ, ఇది ఎన్నో అంచె అనీ, కొమ్మ తెరిచి ఉందా మూసి ఉందా అనీ చెప్పే గుర్తులు ఏరియా (ARIA) అనే వెబ్ ప్రమాణంలో ఉన్నాయి. కీబోర్డు అలవాట్లూ స్థిరపడ్డాయి: కుడి బాణం మూసిన కొమ్మను తెరుస్తుంది, తెరిచి ఉంటే మొదటి పిల్లకు వెళ్తుంది. ఎడమ బాణం మూస్తుంది, మూసి ఉంటే తల్లి దగ్గరికి వెళ్తుంది. ఫోన్‌లో కూడా ఈ జాబితానే చూపించేస్తాను, చిన్న తెర మీద పటం పెట్టి అందరినీ ఇబ్బంది పెట్టడం కంటే.

పటం బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

'ఎలా ఉంది?' అని అడగకండి, 'బాగుంది' అంటారు. పని ఇవ్వండి. 'సెలెస్టా ఎక్కడుందో చూపించండి' అని చెప్పి మొదటి వేలు ఏ కొమ్మ మీద పడిందో రాసుకోండి. ఇంకా ముందే, బొమ్మ లేకుండా ఉత్త పేర్ల జాబితాతో ఇదే పరీక్ష చేయండి. జాబితాలోనే దారి తప్పుతుంటే తప్పు వర్గీకరణలో ఉంది, ఎంత రంగు పూసినా పోదు. అయిదారుగురు సరిపోతారు. ముగ్గురు ఒకే తప్పు కొమ్మకు వెళ్లారంటే అక్కడ ఒక చుక్కల గీత కావాలన్నమాట.

పటం వద్దనాల్సిన సందర్భం ఉందా?

ఉంది. అంశాలు ముప్పైకి లోపు ఉన్నప్పుడు, వరుసగా చదవాల్సినవి అయినప్పుడు, గీతలు తల్లీపిల్లల కంటే తోబుట్టువుల మధ్యే ఎక్కువగా ఉన్నప్పుడు. చివరిదానికి కావలసింది చెట్టు కాదు, వల. ఈమధ్య ఒకరు 22 అంశాలు పంపి జూమ్ అయ్యే పటం కావాలన్నారు. రెండు అంచెల జాబితా రాసి, 'పటం తరువాత పంపిస్తాను, ముందు ఇది చూడండి' అన్నాను. ఎనిమిది నెలలైంది, ఇంకా పటం అడగలేదు.